200 ఇంటు 200 అంటే మైనస్ 25536 అంట: ల్యాబ్‌లో ఒక జవాబు, ఇంట్లో ఒక జవాబు

బండల_సందు
మాది కడప. బీటెక్ ఫస్ట్ ఇయర్. నాన్నకు బండల పాలిష్ యూనిట్ ఉంది. ల్యాబ్‌లో సి భాషలో సొంతంగా ఏదైనా ప్రోగ్రామ్ రాయమంటే, పొడవు, వెడల్పు ఇస్తే ఎన్ని చదరపు అడుగుల బండలు కావాలో చెప్పేది రాశాను. 20 ఇంటు 30 ఇస్తే 600 వచ్చింది. 150 ఇంటు 200 ఇస్తే 30000. ఇక ధైర్యంగా 200 ఇంటు 200 కొట్టాను. స్క్రీన్ మీద మైనస్ 25536!

మూడుసార్లు కొట్టినా అదే. ల్యాబ్‌లో అడిగితే "చిన్న నంబర్లు ఇచ్చి రికార్డు రాసుకో, ఎక్స్‌టర్నల్ పరీక్షకి అది చాలు" అన్నారు. ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌లో అదే ప్రోగ్రామ్ జీసీసీ అనే కంపైలర్‌లో (మనం రాసింది మెషీన్ భాషలోకి మార్చేది) పెడితే ముందు కోనియో లేదంది, క్లియర్ స్క్రీన్ తెలీదంది. ఆ లైన్లు తీసేస్తే చక్కగా 40000 ఇచ్చింది.

ఒకే భాష, ఒకే ప్రోగ్రామ్. రెండు జవాబులెట్లా వస్తాయి? పక్కింటి అన్న బెంగళూరులో పని చేస్తాడు. 1972 నాటి సి ఎందుకు, పైథాన్ నేర్చుకో అంటాడు. అసలు ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయి? ఒకటి సరిపోదా?

క్లాక్‌టవర్_నాని
అనంతపురంలో మా ల్యాబ్‌లోనూ అదే, టర్బో సి నీలం స్క్రీన్. మా సీనియర్లదీ అదే, వాళ్ల సీనియర్లదీ అదే.

పాము_ప్రేమికుడు
మీ పక్కింటి అన్న చెప్పింది కరెక్ట్. పైథాన్‌లో వెయ్యి 2లను వరసగా హెచ్చవేసినా 302 అంకెలూ తప్పు లేకుండా చూపిస్తుంది. మైనస్ గోల ఉండదు. పాత సామాను వదిలేయ్.

ఉగ్గాని_బజ్జీ
మైనస్ 25536 అడుగులంటే మీ నాన్నే కస్టమర్‌కి బండలు బాకీ పడ్డట్టు తమ్ముడూ. బిల్లు చూపించొద్దు.

ల్యాబ్_మేష్టారు
కర్నూలులో పద్దెనిమిదేళ్లుగా ఇదే సబ్జెక్టు చెప్తున్నాను. బండల_సందు, నీ రెండు కంపైలర్లలో ఏదీ రూలు తప్పలేదు. జాగ్రత్తగా చదువు.

ల్యాబ్‌లో నువ్వు వాడేది బోర్లాండ్ కంపెనీ టర్బో సి. మొదటి వెర్షన్ 1987లో వచ్చింది. అప్పటి పీసీలకు తగ్గట్టు అందులో ఇంట్ అంటే, అంటే పూర్ణాంకం పెట్టుకునే గడి, 16 బిట్లు. ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది. 16 బిట్లతో 65536 సంఖ్యలే పడతాయి. సగం మైనస్ వైపు, సగం ప్లస్ వైపు. అంటే పైన 32767 దాకా. నీ 150 ఇంటు 200 దాని లోపలే ఉంది కాబట్టి బతికిపోయింది. 40000 దాటిపోయింది. 40000లోంచి 65536 తీసేయ్, ఎంత? మైనస్ 25536. మెషీన్ పిచ్చిగా ఏమీ చెప్పలేదు, చక్రం తిరిగి అవతలి వైపు వచ్చింది.

నీ ల్యాప్‌టాప్‌లో జీసీసీకి ఇంట్ అంటే 32 బిట్లు. 214 కోట్ల పైదాకా పడుతుంది.

మరి సి స్టాండర్డ్, అంటే ఆ భాష రూల్స్ పత్రం, ఏమంటుంది? ఇంట్‌కి కనీసం 16 బిట్లుండాలి, అంతే. ఎక్కువ ఉంటే కంపైలర్ ఇష్టం. ఇక కోనియో, క్లియర్ స్క్రీన్ సి భాషలోవి కావు, బోర్లాండ్ వాళ్లు డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఇచ్చినవి. సి స్టాండర్డ్ తయారైంది 1989 చివర్లో. టర్బో సి అంతకు రెండేళ్ల ముందే బజారుకొచ్చింది. ప్రోగ్రామ్ మొదలయ్యే చోట మనం వాయిడ్ మెయిన్ అని రాసే అలవాటుకు కూడా స్టాండర్డ్‌లో చోటు లేదు, ఇంట్ మెయిన్ అనే రాయాలి. నా పిల్లలకు మొదటి రోజే అది చెప్తాను.

రికార్డు కోసం చిన్న నంబర్లు వేసుకోమనడం మాత్రం నాకు బాధగా ఉంది. ఆ మైనస్ వచ్చిన రోజే అసలు పాఠం మొదలవ్వాలి.

బండల_సందు
చాలా థాంక్స్ సార్. మధ్యాహ్నం ల్యాబ్‌లో ట్రై చేశాను. ఇంట్ చాలదన్నారు కదా అని జవాబు పెట్టుకునే దాన్ని లాంగ్ అనే పెద్ద గడి చేశాను. మళ్లీ మైనస్ 25536!

ల్యాబ్_మేష్టారు
పొడవు, వెడల్పు ఇంకా ఇంట్‌గానే ఉన్నాయి కదా?

బండల_సందు
అవును సార్. జవాబు ఒక్కటే మార్చాను.

ఫాక్స్‌ప్రో_బాషా
తమ్ముడూ, రెండు చెంబుల నీళ్లు ఒక చెంబులోనే కలిపి, ఆ తర్వాత తెచ్చి బిందెలో పోశావు. కలిపేటప్పుడే కింద పోయాయి. బిందె ఎంత పెద్దదైతే ఏం లాభం? హెచ్చవేత జరిగేది రెండు ఇంట్‌ల మధ్య, కాబట్టి ఇంట్‌లోనే జరుగుతుంది. పొడవు, వెడల్పు కూడా లాంగ్ చెయ్.

ల్యాబ్_మేష్టారు
బాషా గారి చెంబు ఉదాహరణ రేపు క్లాసులో చెప్తాను. ఇంకోటి కూడా చూసుకో: జవాబును స్క్రీన్ మీద చూపించే ప్రింట్‌ఎఫ్‌లో, ఇంట్‌కి రాసే పర్సెంట్ డి అని వదిలేస్తే, లెక్క కరెక్ట్‌గా ఉన్నా చూపించేటప్పుడు కింది 16 బిట్లే చదువుతుంది. మళ్లీ అదే మైనస్ 25536 కనిపిస్తుంది. లాంగ్‌కి పర్సెంట్ ఎల్ డి రాయాలి. చాలామంది ఇక్కడే రెండు రోజులు పోగొట్టుకుంటారు.

పాము_ప్రేమికుడు
చూశారా, ఒక హెచ్చవేతకి ఇంత టెన్షన్. 2020లు నడుస్తుంటే పిల్లలకు ఇది అవసరమా?

కార్డుల_తాత
అవసరమే నాయనా. నాకు డెబ్బై దాటాయి. అనంతపురంలో సివిల్ చదివి, 1970ల్లో మద్రాసులో ఎంటెక్ చేశాను. అక్కడ ఐబీఎం 370 ఉండేది. నేను రాసింది ఫోర్‌ట్రాన్ అనే భాషలో. కీబోర్డు, స్క్రీన్ మా చేతికి లేవు. ఒక్కో లైను ఒక్కో అట్ట కార్డు మీద పంచ్ కొట్టాలి. కార్డుకు 80 నిలువు గళ్లు. మొదటి 5 గళ్లు లైన్ నంబరుకు, 6వది పై కార్డు కొనసాగింపని చెప్పడానికి, 7 నుంచి 72 దాకా అసలు వాక్యం. 73 నుంచి 80 కార్డుల వరస నంబరుకు. ఆ ఎనిమిదింటినీ కంపైలర్ పట్టించుకోదు. మరెందుకంటే, కట్ట చేయి జారి కిందపడితే తిరిగి సర్దుకోడానికి! నంబర్లు కొట్టే ఓపిక లేక మేం కట్ట పైఅంచు మీద పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీసేవాళ్లం. గీత కలిసిందంటే వరస కుదిరినట్టు.

సాయంత్రం కట్ట కిటికీలో ఇచ్చి వస్తే, మర్నాడు కాగితాలు చేతికొచ్చేవి. ఒక కామా తప్పిందంటే ఒక రోజు పోయినట్టే.

ఇదంతా కష్టం అనుకుంటారేమో, అంతకు ముందు వాళ్ల కష్టం చూస్తే మాది సుఖమే. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం 1954లో ఫోర్‌ట్రాన్ మొదలుపెట్టి 1957లో 704 అనే మెషీన్‌కి అందించే దాకా, ఇంజనీర్లు మెషీన్ భాషలోనో దానికి దగ్గరి సంకేతాల్లోనో రాసుకునేవారు. లెక్కను లెక్కలాగే రాస్తే మెషీన్ తనే అనువదించుకుంటుందంటే, చేత్తో రాసినంత వేగంగా నడవదని చాలామంది నమ్మలేదు. అందుకే బ్యాకస్ వాళ్లు వేగం మీదే ప్రాణం పెట్టారు.

క్లాక్‌టవర్_నాని
తాతా, లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది) రాసినప్పుడల్లా అందరూ ఐ, జె అనే పేర్లే ఎందుకు పెడతారు? మా లెక్చరర్‌ని అడిగితే "అలవాటు" అన్నారు.

కార్డుల_తాత
ఆ అలవాటుకు ఫోర్‌ట్రాన్‌లో రూలు ఉంది నాయనా. విడిగా ఏమీ చెప్పకపోతే ఐ, జె, కె, ఎల్, ఎమ్, ఎన్ అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ పూర్ణాంకాలు, మిగతావన్నీ దశాంశాలు. ఇంటీజర్ అనే మాటలో మొదటి రెండు అక్షరాలు ఐ, ఎన్ కాబట్టి గుర్తుపెట్టుకోవడం సులువు. గణితంలో ఐ, జె ముందు నుంచీ ఉన్నవే, ఫోర్‌ట్రాన్ వాటిని రూలు చేసింది. మీరు ఇప్పుడు లూప్‌లో ఐ రాసినప్పుడల్లా నాకు ఆ కార్డు వాసన వస్తుంది.

పాము_ప్రేమికుడు
తాతగారూ, ఇది నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా.

కోబాల్_అక్క
పాము_ప్రేమికుడు తమ్ముడూ, ఇదీ విను. పైథాన్‌లో లెక్కలకు వాడే సైపై లోపల లాప్యాక్ అనే లైబ్రరీ పని చేస్తుంది. అది ఫోర్‌ట్రాన్‌లో రాసింది. నువ్వు వాడే పైథాన్ సి భాషలో రాసింది. పాత సామాను మీదే నీ ఇల్లు ఉంది.

నాది కర్నూలు. 1998లో అమీర్‌పేటలో మూడు నెలలు, వ్యాపార లెక్కలకు వాడే కోబాల్ భాష నేర్చుకుని అమెరికా వెళ్లాను. 2000 సంవత్సరం వస్తే రెండంకెల తేదీలు తప్పుతాయని అందరూ వైటుకె అనేవారు కదా, ఆ పనికి. అక్కడ ఒక బీమా కంపెనీ ప్రోగ్రామ్‌లలో సంవత్సరం అనే గడికి పిక్ 99 అని ఉండేది. రెండే అంకెలు. 1998లో తీసుకున్న పాలసీకి 98. అది 2001లో మెచ్యూర్ అయితే 01. 01లోంచి 98 తీసేస్తే ఎన్నేళ్లు? మైనస్ 97! మన బండల_సందుకు వచ్చిన జబ్బే, ఊరు వేరు. గడి చిన్నది, లోపల పెట్టేది పెద్దది.

కొన్నిచోట్ల గడిని నాలుగంకెలు చేశాం. ఫైళ్లు మార్చడానికి వీల్లేని చోట "50 కంటే తక్కువైతే 20 చేర్చు, లేదంటే 19 చేర్చు" అని రాశాం. రాత్రి రెండింటికి టెస్టు రన్ అయిపోయి, తేదీలన్నీ సరిగ్గా వచ్చిన కాగితం చూసి నేనూ, నెల్లూరు అమ్మాయి ఒకరూ ఏడ్చేశాం. ఆ రోజు మర్చిపోలేను.

"ఒకే ప్రోగ్రామ్, రెండు మెషీన్లు" అన్నావు చూడు, కోబాల్ పుట్టిందే ఆ బాధతో. అప్పట్లో ఒక కంపెనీ కంప్యూటర్‌కి రాసింది ఇంకో కంపెనీ దాని మీద నడిచేది కాదు. మెషీన్ మారిస్తే ప్రోగ్రామ్‌లన్నీ మొదటి నుంచి రాసుకోవాలి. 1959లో అమెరికా రక్షణ శాఖ చొరవతో కంపెనీల వాళ్లు, వాడేవాళ్లు ఒక కమిటీగా కూర్చున్నారు. గ్రేస్ హాపర్ అంతకు ముందు చేసిన ఫ్లోమాటిక్ భాష దానికి పెద్ద ఆధారం. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను ఆర్‌సీఏ 501 మీద, యూనివాక్ 2 మీద నడిపి చూపించారు. చేసిన మార్పులు స్వల్పం. అప్పటికి అది పండగే.

ల్యాబ్_మేష్టారు
అద్భుతంగా చెప్పారు మేడమ్. ఈ పోస్టు ప్రింట్ తీసి ల్యాబ్ గోడకు అంటిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

కోబాల్_అక్క
అంతకంటే ఏం కావాలి సార్. కోబాల్‌లో ఒక మంచి గుణం కూడా రాయండి. ఎన్ని అంకెలు కావాలో మనమే చెప్పాలి. నాలుగంకెల గడిలో 40000 పెడితే ముందున్న 4 రాలిపోయి సున్నాలే మిగులుతాయి. కానీ ఆన్ సైజ్ ఎర్రర్ అని ఒక మాట చేరిస్తే, పట్టనప్పుడు ఏం చెయ్యాలో అక్కడే చెప్పుకోవచ్చు. 1960ల భాషలో ఆ ఆలోచన ఉంది!

ఫాక్స్‌ప్రో_బాషా
పట్టికల్లో లెక్కలు దాచుకునే మా ఫాక్స్‌ప్రో ఇంకా నిజాయితీపరురాలు. అంకె గడిలో ఏ రకంగానూ పట్టకపోతే వరసగా నక్షత్రం గుర్తులు పెట్టేది. తప్పు చెప్పేది కాదు, నావల్ల కాదని చెప్పేది.

1994 నుంచి పదిహేనేళ్లు అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు శనక్కాయల వ్యాపారులకు నేనే ప్రోగ్రామ్‌లు రాశాను. బస్తాలు, తరుగు, హమాలీ, కమీషన్. అన్నిటికీ ఒక డీబీఎఫ్ ఫైలు. ఫ్లాపీ జేబులో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. సెట్ డేట్ బ్రిటిష్ అని మొదటి లైను రాయకపోతే తేదీలో నెల ముందుకొచ్చి, సేట్లు నా మీద అరిచేవాళ్లు.

దీని తాత ఎవరో చెప్తే నమ్మరు. డీబేస్ అనే భాష. 1970ల చివర్లో, అమెరికాలో అంతరిక్ష నౌకలు చేసే జేపీఎల్‌లో వేన్ రాట్లిఫ్ అనే ఆయన ఆఫీసులో ఫుట్‌బాల్ పందేల కోసం రాసుకున్నాడు. పందెం ఏమైందో గానీ, అది తిరిగి తిరిగి మా గుత్తి శనక్కాయల లెక్కల దాకా వచ్చింది. మైక్రోసాఫ్ట్ 1992లో ఫాక్స్ కంపెనీని కొనేసింది. 2004లో 9వ వెర్షన్ వచ్చింది, అదే ఆఖరిది. 2015లో సపోర్టు కూడా ఆపేశారు. నా వ్యాపారులు ఇద్దరు ఇప్పటికీ దాన్నే నడుపుతున్నారు. పాత కంప్యూటర్ పాడైతే నాకే ఫోన్.

జావా_రవి
అసలు బండల_సందు ప్రశ్నకు సూటి జవాబు జావా. 1995లో సన్ కంపెనీ, జేమ్స్ గాస్లింగ్. జావాలో ఇంట్ అంటే ఏ మెషీన్ మీదైనా 32 బిట్లే. ఫోన్ అయినా సర్వర్ అయినా ఒకటే. ఒక్కసారి రాస్తే ఎక్కడైనా నడవాలన్నదే వాళ్ల నినాదం. ల్యాబ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి రాదు.

ల్యాబ్_మేష్టారు
నిజమే. కానీ అందులో 50000 ఇంటు 50000 ఇంట్‌లో పెట్టి చూడు రవీ.

జావా_రవి
మైనస్ 1794967296. సరే సార్, అన్ని మెషీన్ల మీదా అదే తప్పు వస్తుంది. అదైనా మేలే, కడపలో ఒక తప్పు, కర్నూలులో ఒక తప్పు రాదు.

బండల_సందు
మరి సి చేసినవాళ్లు జావాలాగా ఇంట్‌కి ఒకే సైజు ఎందుకు పెట్టలేదు సార్? మర్చిపోయారా?

ల్యాబ్_మేష్టారు
మర్చిపోలేదు, కావాలనే వదిలారు. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1967లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ అనే భాష చేశాడు. దాన్ని కుదించి బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బి చేశాడు. ఈ రెండింటిలో ఇంట్ (పూర్ణాంకం), క్యార్ (అక్షరం) లాంటి రకాలు లేవు. ఏదైనా సరే మెషీన్ ఒకేసారి పట్టుకునే ఒకే సైజు గడిలోనే. అక్కడే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్న వాళ్లకు పీడీపీ 11 అనే 16 బిట్ల మెషీన్ వచ్చింది. అందులో ఒక్కో బైట్‌ను, అంటే 8 బిట్లను, విడిగా పట్టుకోవచ్చు. అక్షరానికి ఒక బైట్, అంకెకు రెండు బైట్లు. రకాలు లేని బి దీనికి ఇబ్బంది పడింది. అందుకే డెన్నిస్ రిచీ రకాలు చేర్చాడు, 1972 నాటికి అది సి అయింది. మరుసటి ఏడాదికి యూనిక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌నే సిలో తిరగరాశారు. తర్వాత 1970ల చివర్లో ఇంటర్‌డేటా 8/32 అనే 32 బిట్ల మెషీన్‌కి సిని తీసుకెళ్లారు. అక్కడ ఇంట్ 32 బిట్లు అయింది. ఆ మెషీన్ ఏ సైజులో వేగంగా లెక్క చేస్తుందో అదే ఇంట్. సైజు బిగించేస్తే ఏదో ఒక మెషీన్ మీద ప్రతి కూడికా నెమ్మదిస్తుంది. వేగం కోసం ఆ స్వేచ్ఛ ఇచ్చారు, జాగ్రత్త మన మీద పెట్టారు.

క్లాక్‌టవర్_నాని
అంకెకు ఒకటి కలిపే ప్లస్ ప్లస్ అనే గుర్తు కూడా ఆ పీడీపీ 11 నుంచే వచ్చిందంట కదా. అందులో దానంతట అదే ఒకటి పెంచే సౌకర్యం ఉందని ఒక వీడియోలో చూశా.

కార్డుల_తాత
అందరూ అలాగే చెప్తారు, కానీ కుదరదు. బి భాషలో ప్లస్ ప్లస్ వచ్చేటప్పటికి పీడీపీ 11 ఇంకా లేదు. రిచీయే తర్వాత రాసిన చరిత్రలో ఈ మాట చెప్పాడు. పాత పీడీపీ 7లో కొన్ని మెమొరీ గళ్లు వాడినప్పుడల్లా ఒకటి పెరిగేవి, థాంప్సన్‌కి ఆలోచన అక్కడ తట్టి ఉండొచ్చని అన్నాడు.

ఉగ్గాని_బజ్జీ
ఎందుకిదంతా, కంప్యూటర్‌కి సంస్కృతమే బెస్ట్ అని నాసా చెప్పింది కదా. అందులోనే రాస్తే సరి.

ఇడుపులపాయ_పిల్ల
అది నిజం కాదు అన్నా. 1985లో నాసా ఏమ్స్‌లో పని చేసే రిక్ బ్రిగ్స్ ఒక వ్యాసం రాశారు. సంస్కృత వ్యాకరణ పద్ధతిలో వాక్యార్థాన్ని విడగొట్టడం, కృత్రిమ మేధలో అర్థాన్ని దాచే పద్ధతిలా ఉందని. నాసా సంస్కృతంలో ప్రోగ్రామ్‌లు రాయలేదు.

మనం నిజంగా గర్వపడే సంగతి వేరే ఉంది. ఫోర్‌ట్రాన్ చేసిన ఆ బ్యాకసే ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష వ్యాకరణాన్ని రాయడానికి ఒక పద్ధతి పెట్టాడు, పీటర్ నౌర్ దాన్ని మెరుగుపరిచాడు. 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన, ఇలాంటి పద్ధతి పాణిని ఎప్పుడో వాడాడు కాబట్టి పేరు పాణిని బ్యాకస్ రూపం అని పెట్టమని ఉత్తరం రాశాడు. ఈ ముక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఉగ్గాని_బజ్జీ
ఇదైతే వాట్సాప్‌లో పెట్టొచ్చు. ఈసారి నిజమే పంపిస్తాలే.

ఇడుపులపాయ_పిల్ల
గడి చాలకపోవడం అంకెలకే కాదు, అక్షరాలకూ ఉంది. సిలో కడప అని రాసి దాని పొడవు ఎంతని స్ట్రెలెన్‌ని అడిగా. మూడు అంటుందనుకున్నా, 9 అంది! అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం గుర్తుకు మూడేసి బైట్లు. స్ట్రెలెన్ లెక్కపెట్టేది బైట్లనే. పైథాన్ 3లో అడిగితే 3 అంది. సంబరపడి కర్నూలు అని అడిగితే 7 అంది. క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. కంటికి మూడు అక్షరాలు, దానికి ఏడు. పాము_ప్రేమికుడు అన్నా, మీ భాషకూ మన గుణింతం పూర్తిగా రాదు.

ఈ యూటీఎఫ్ 8 చేసింది ఎవరో తెలుసా? మేష్టారు చెప్పిన ఆ బి భాష కెన్ థాంప్సనే. 1992 సెప్టెంబరులో రాబ్ పైక్‌తో హోటల్లో భోజనానికి కూర్చుని, బల్ల మీద పరిచిన కాగితం మీద గీశారట. మనం ఇక్కడ తెలుగులో ఇంతసేపు కొట్లాడుతున్నామంటే ఆ కాగితం చలవే.

పాము_ప్రేమికుడు
ఒప్పుకుంటున్నా చెల్లీ. నేనూ ఒకటి వెతికి చూశా. పైథాన్‌ని గిడో వాన్ రాసమ్ 1989 క్రిస్మస్ సెలవుల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో బయటపెట్టాడు. అంటే జావా కంటే పెద్దది. కొత్తది, కొత్తది అని ఇన్నాళ్లూ నేను చెప్పిందీ ముప్పై ఏళ్లు దాటిన భాషే. కాకపోతే బండల లెక్కకు ఇప్పటికీ నా ఓటు దానికే. అంకె పెరిగే కొద్దీ గడి అదే పెంచుకుంటుంది, పిల్లాడు లెక్క మీద మనసు పెట్టొచ్చు.

ల్యాబ్_మేష్టారు
దాంతో నాకు పేచీ లేదు. నిజానికి ముందు పైథాన్ చెప్పి, తర్వాత సి చెప్పాలని రెండేళ్లుగా అడుగుతున్నాను. కానీ చెప్పేటప్పుడు టర్బో సి మాత్రం వద్దు. ఒకప్పుడు దాని మేలు చాలా ఉంది, కాదనను. రాయడం, కంపైల్, రన్ ఒకే స్క్రీన్‌లో, చిన్న మెషీన్‌లో. ఆ దారి వేసింది 1983లో ఇదే కంపెనీ నుంచి వచ్చిన టర్బో పాస్కల్. దాని కంపైలర్ రాసిన ఆండర్స్ హెల్స్‌బర్గే తర్వాత సి షార్ప్, టైప్‌స్క్రిప్ట్ కూడా చేశాడు. కానీ పిల్లల ల్యాప్‌టాప్‌లో పాత డాస్‌ను నడిపించే డాస్‌బాక్స్ పెట్టి మరీ 1990ల గడిలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

క్లాక్‌టవర్_నాని
డాస్‌బాక్స్‌లో మౌస్ ఇరుక్కుపోతే బయటికి రావడం నాకు సెమిస్టర్ చివర్లో తెలిసింది.

బండల_సందు
వచ్చేసింది! పొడవు, వెడల్పు, జవాబు మూడూ లాంగ్. పర్సెంట్ ఎల్ డి. నీలం స్క్రీన్ మీదే 40000. ఆ "చిన్న నంబర్లు వేసుకో" అన్న సార్‌ని పిలిచి చూపించాను. రెండు నిమిషాలు మాట్లాడకుండా చూసి, బోర్డు మీద రెండు ప్రోగ్రామ్‌లూ పక్కపక్కన రాయమన్నారు. బాషా అన్న చెంబు ఉదాహరణ చెప్పాను, క్లాసంతా నవ్వింది.

తాతా, ఆ కార్డు ఇంకా మీ దగ్గర ఉందా? నేను ఎప్పుడూ చూడలేదు.

కార్డుల_తాత
కట్ట పోయింది. ఒక్కటి మిగిలింది, రామాయణంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నా. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గరికొచ్చి ఇక్కడ మెసేజ్ పెట్టు, మా మనవడు వచ్చి తీసుకొస్తాడు. ఆదివారం రా. కార్డు చదవడం నేర్పిస్తా. నీ 200 అందులో ఎలా ఉంటుందో చూద్దువు గానీ: ఒక గడిలో 2వ వరసలో చిల్లు, తర్వాత రెండు గళ్లలో సున్నా వరసలో చెరొక చిల్లు. వెలుతురుకెదురుగా పట్టుకుంటే కనిపిస్తుంది.

బండల_సందు
వస్తా తాతా. పొద్దున బస్సుకే.